ఎడమవైపు సీటు

మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ, వానలో, బస్సులో డ్రైవరు వెనక మొదటి సీటులో కూర్చున్నాను. సింగపూర్‌లో మేముండే జురాంగ్ వెస్ట్‌లో ఒక మలుపులో ఎదురుగా అదే నంబరు బస్సు వచ్చింది. మా డ్రైవరు అరచెయ్యి కొంచెం ఎత్తాడు. అవతలి డ్రైవరూ ఎత్తాడు. ఇద్దరి మొహాల్లోనూ నవ్వు లేదు, ఏమీ లేదు. రోజుకు ఇరవైసార్లు చేసే పని. రెండు బస్సులూ ఒకదాన్నొకటి దాటి వెళ్ళిపోయాయి. నాకు మాత్రం ఆ సీటులో ఇంక కూర్చోబుద్ధి కాలేదు. రెండు స్టాపులుండగానే దిగి తడుస్తూ ఇంటికి నడిచాను.

మా బ్లాకులో ఉండిన పెద్దాయనయితే అరచెయ్యి ఎత్తేవారు కాదు. ఒక్క వేలు. స్టీరింగ్ మీద చెయ్యి అలాగే ఉంచి, చూపుడు వేలు మాత్రం లేపి దించేవారు. అంత చిన్న కదలిక, చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు. ఆ అలవాటు ఆయనకు డెబ్బయ్యో ఏట ఐర్లాండులో ఐదు రోజుల్లో పట్టుకుంది. తిరిగొచ్చాక ఇక్కడ ఎదురొచ్చే ప్రతి టాక్సీకీ లారీకీ వేలు లేపేవారు. ఒక్కరూ బదులు లేపేవారు కాదు.

"సూడలేదు లా, అంతే," అనేవారు, మాట చివర ఇక్కడివాళ్ళ "లా" తగిలించి.

ఆయన పోయి నలభై రోజులయింది. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయడం ఎందుకు, ఆరేళ్ళ కింద ఒక హాలులో లేచి నిలబడి రెండు వాక్యాలు చెప్పి ఉంటే సరిపోయేది.

మా బ్లాకులో ఆయనది నాలుగో అంతస్తు, మాది పదకొండు. మేం ఇక్కడికి మారిన రోజున లిఫ్టులో నేనూ మా ఆవిడా గిన్నెల పెట్టె గురించి గొడవ పడుతుంటే, మూలన నిలబడ్డ పెద్దాయన "ఆ పెట్టె ఇలాగివ్వండి, నేను పట్టుకుంటాను. మీరు గట్టిగా దెబ్బలాడుకోండి," అన్నారు. తెలుగు విని ఇద్దరం నోరు మూసుకున్నాం. ఆయన తాత విశాఖపట్నం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చాడట. ఈయన ఆంధ్ర గడ్డ ఎన్నడూ చూడలేదు. తాత నోటిమాట మాత్రం ఈయన నోట్లో చెక్కుచెదరకుండా ఉండిపోయింది. దాని చుట్టూ అరవం, మలయ్, ఇంగ్లీషు చేరాయి. నన్ను తంబీ అనేవారు. "ఏటి తంబీ, మకాన్ అయిందా?" అని పలకరిస్తే, అన్నం తిన్నావా అని. తొందరపడే మనిషిని చూసినా, తొందరపడే కారును చూసినా ఒకటే మాట, "పెలాన్ పెలాన్." మెల్లగా, మెల్లగా.

నలభై ఏళ్ళు టాక్సీ నడిపారు. భార్య పోయిన ఏడాది టాక్సీ తిరిగి అప్పగించేసి, ఊరికే ఉండలేక ఒక వ్యానుకు కుదిరారు. జీతం లేని పని. కిడ్నీలు పాడైన ముసలివాళ్ళను వారానికి మూడు రోజులు ఇళ్ళ నుంచి డయాలిసిస్ సెంటరుకు తీసుకెళ్ళి మళ్ళీ దించాలి. ఆ మూడు రోజులూ ఇస్త్రీ చొక్కా వేసుకునేవారు. గుంటలున్న చోట బండిని ఎంత మెల్లగా పోనిచ్చేవారంటే, వెనకాల కూర్చున్న ఒక చైనీస్ ముసలమ్మ తను ఎక్కినప్పటినుంచీ దిగేదాకా నిద్రపోతుందని గర్వంగా చెప్పుకునేవారు. "నాకు ఇంతకంటే సర్టిఫికెట్ ఏటి కావాల?"

బండి నడిపేటప్పుడు ఫోను ముట్టుకునేవారు కాదు. ఎక్కగానే దాన్ని ముందున్న అరలో పడేసి మూసేసేవారు. మోగితే మోగనీ.

ఇంకొక సంగతి. ఆయన దగ్గర సగం కథలు చాలా ఉండేవి. టాక్సీ ఎక్కినవాళ్ళు చెప్పినవి. పెళ్ళి తప్పిపోయినవాడు, అన్నదమ్ముల మీద కేసు వేసినావిడ, ఇరవై ఏళ్ళ తర్వాత తల్లిని చూడబోతున్నవాడు. ఏ కథకూ చివర ఉండేది కాదు. దిగాల్సిన చోటు వచ్చేసేది, వాళ్ళు దిగిపోయేవారు.

"ఈ దీవిలో పెద్ద కథ సెప్పడానికి రోడ్డు చాలదు తంబీ," అనేవారు. "తువాస్ నుంచి చాంగీ దాకా ఈ కొన నుంచి ఆ కొన. నలభై నిమిషాలు. ఆపైన సముద్రం. ఒకసారైనా రోజంతా పోతే అయిపోని రోడ్డు మీద నడపాల."

ఆరేళ్ళ కింద మా కంపెనీ నన్ను పది రోజుల పని మీద డబ్లిన్ పంపింది. పని అయ్యాక ఐదు రోజులు సెలవు పెట్టుకుని పడమటి వైపు తిరిగి రావాలని నా ఆలోచన. పిల్ల పరీక్షలని మా ఆవిడ రానంది. ఆ మాట లిఫ్టులో ఆయనతో అన్నాను, ఊరికే.

"అక్కడ ఏ పక్కన నడుపుతారు?" అన్నారు.

"మనలాగే ఎడమ పక్కన."

ఆయన నాలుగో అంతస్తులో దిగలేదు. పదకొండు దాకా నాతోపాటు వచ్చేశారు. "అయితే నేనూ వస్తాను. నా టికెట్టు నేను కొనుక్కుంటాను. సగం దూరం నువ్వు, సగం దూరం నేను. సరేనా?"

"సరే అంకుల్," అన్నాను. అది మాట ఇవ్వడమే. నాకు అప్పుడలా అనిపించలేదు.

నా పని ముగిసే రోజుకు ఆయన డబ్లిన్‌లో దిగారు. జుట్టుకు రంగు వేయించుకుని కొత్త ఫొటో దిగి, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకున్నారు. దాన్నీ లైసెన్సునూ కలిపి ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో ఉంచుకున్నారు. కార్లు అద్దెకిచ్చే కౌంటరు దగ్గర నేను సంతకాలు పెడుతుంటే ఆ కవరు తీసి పట్టుకుని నా వెనకే నిలబడ్డారు. రెండో డ్రైవరు పేరు చేర్చాలంటే ఇంకో ఫారం నింపాలి, ఇంకో వరసలో నిలబడాలి. ఆ వరసలో ఆరుగురున్నారు.

"రేపు చేర్పిద్దాం అంకుల్. వాన పెరుగుతోంది," అన్నాను.

రేపటికి ఆ కౌంటరుకు రెండొందల కిలోమీటర్ల అవతల ఉంటామని నాకు తెలుసు. ఆయనకూ తెలిసే ఉంటుంది. కవరు జేబులో పెట్టేసుకున్నారు. వరస ఒక సాకు. నిజమేమిటంటే, కారు నా పేరు మీద ఉంది, నడిపేది నేనే కావాలనిపించింది. సింగపూర్‌లో నాకు కారు లేదు. ఏడాదికి నాలుగుసార్లు అద్దెకు తీసుకుని నడిపితే ఎక్కువ. నలభై ఏళ్ళు నడిపిన మనిషిని ఎడమవైపు సీటులో కూర్చోబెట్టి నేను స్టీరింగ్ పట్టుకున్నాను.

ఆ ఐదు రోజులూ వాన. మన వాన కుమ్మరించి పోతుంది. అది పోదు. గాలిలోనే ఉంటుంది. "ఇది వానా? ఎవరో మొహం మీద తడిగుడ్డ పరిచి మర్చిపోయినట్టుంది," అన్నారు ఆయన. పెద్దరోడ్డు దాటాక దారి సన్నబడింది. రెండు పక్కలా రాళ్ళు పేర్చిన గోడలు, గోడల వెనక తడిసిన గొర్రెలు, కొన్ని చోట్ల రోడ్డు నడిమధ్యన గడ్డి. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. అలా తప్పుకున్నప్పుడల్లా అవతలి మనిషి స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపేవాడు. నేను పట్టించుకోలేదు. మొదటి రోజు మధ్యాహ్నానికే ఆయన పట్టేశారు.

"తంబీ, వాళ్ళు మనకి దండం పెడుతున్నారు. నువ్వు పెట్టట్లేదు."

"నాకు రోడ్డు చూసుకోవడమే సరిపోతోంది అంకుల్."

"సరే, నీ తరఫున నేను పెడతాను."

ఆ తర్వాత ఎదురొచ్చిన ప్రతి బండికీ ఎడమవైపు సీటులోంచి, మోకాలి మీద పెట్టుకున్న చేతివేలు లేపేవారు. అద్దాల మీద వాన. అవతలివాళ్ళకు అది కనపడే అవకాశమే లేదు. నేను బ్రేకు వేయాల్సిన చోట నాకంటే ముందు ఆయన కుడికాలు కింద మ్యాటును నొక్కేది. రోజూ పొద్దున కారు దగ్గరికి వచ్చి ఒక్క క్షణం కుడివైపు తలుపు దగ్గర నిలబడేవారు. నేను తాళం తీయగానే అటు తిరిగి వెళ్ళి తన సీటులో కూర్చునేవారు. అడగలేదు. ఏ పొద్దునా అడగలేదు.

మూడో రోజు ఆయన తన సొంత కథ మొదలుపెట్టారు. భార్య పోయిన రోజు సంగతి. ఎవరికీ చెప్పలేదన్నారు, కూతురికి కూడా. "రోడ్డు పొడుగ్గా ఉంది కదా, ఇవాళ అవుతుంది," అన్నారు. ఆ రోజు ఆయన టాక్సీలో ఎయిర్‌పోర్టుకు వెళ్ళాల్సిన ఒకాయన ఉన్నాడట. బాగా తొందరలో ఉన్నాడట. హైవే మీద ఉండగా అరలో ఫోను మోగింది.

"మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. నేను నడిపేటప్పుడు తీయను కదా తంబీ. తీయలేదు. మూడోసారి..."

అక్కడిదాకా వచ్చారు. అప్పుడు నా ఫోను మోగింది. గేరు పక్కన పెట్టుకున్నాను. ఆఫీసు నుంచి మెసేజి. ఆయన "పెలాన్ పెలాన్" అన్నారు. నేను కిందికి చూశాను.

చప్పుడు పెద్దగా రాలేదు. తడి మూటను నేలకేసి కొట్టినట్టు వచ్చింది. కారు గోడను రాసుకుంటూ వెళ్ళి ఆగింది. వెనక అద్దంలో రోడ్డు మీద నల్లగా తెల్లగా ఏదో కదిలి, ఆగిపోయింది.

కుక్క. గొర్రెలు కాసే కుక్క.

ఆయన వెంటనే దిగారు. నేను దిగలేదు. కారుకు ఏమయిందో చెప్పాలి, నంబరు వెతకాలి అనుకుంటూ ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఆయన తన నీలం రెయిన్‌కోటు విప్పి దాన్ని అందులో చుట్టి రెండు చేతుల మీదా ఎత్తుకున్నారు. గోడ అవతల ఇల్లుంది. తలుపు కొట్టారు. టోపీ పెట్టుకున్న పొడుగాటి ముసలాయన ఒకరు బయటికి వచ్చారు. ఇద్దరూ కాసేపు ఆ మూటను చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఆ ముసలాయన లోపలికి వెళ్ళి పార తెచ్చాడు. వైపరు అద్దాన్ని తుడిచినప్పుడల్లా వాళ్ళిద్దరూ కనపడేవారు. ఒకసారి ఆ ముసలాయన చేతిలో పార, ఇంకోసారి అంకుల్ చేతిలో. నేను అద్దె కంపెనీవాళ్ళతో మాట్లాడుతున్నాను. నడుపుతున్నది ఎవరని అడిగితే నా పేరే చెప్పాను. అక్కడ ఇంకో పేరు చెప్పడానికి లేదు. ఆ కంపెనీ కాగితాల్లో ఒక్కచోటే ఈ సంగతి నిజంగా రాసి ఉంటుంది.

నలభై నిమిషాలు పట్టింది. తువాస్ నుంచి చాంగీ అంత. తిరిగి వచ్చేసరికి ఆయన మోకాళ్ళ దాకా బురద.

"ఏమన్నాడు అంకుల్?"

"చెడ్డ మలుపు అన్నాడు."

"ఎవరు నడిపారని అడిగాడా?"

"అడిగాడు."

"మీరేమన్నారు?"

"మేం గుద్దేం అన్నాను."

కారు స్టార్ట్ చేసి గేరు వెయ్యకుండా అలాగే కూర్చున్నాను. ఆయన చూశారు. "నేను నడపనా?" అన్నారు. మొత్తం ప్రయాణంలో అడిగింది ఆ ఒక్కసారే.

"కాగితాల్లో మీ పేరు లేదు కదా అంకుల్," అన్నాను.

ఆయన తల ఊపి బెల్టు పెట్టుకున్నారు. కథ మళ్ళీ మొదలుపెట్టలేదు. ఆ తర్వాత ఇంకా రెండు రోజుల రోడ్డుంది.

ఇంటికి వచ్చాక మా ఆవిడ నా ఫోనులో సొట్టపడ్డ కారు ఫొటో చూసింది. "మళ్ళీ ఫోను చూస్తూ నడిపారా?" అంది. నా సంగతి ఆమెకు తెలుసు.

"నేను కాదు. అంకుల్ కాసేపు నడుపుతానన్నారు. ఏదో అడ్డం వచ్చింది," అన్నాను.

అంతే. ఆ అబద్ధం ఆ వంటింట్లోనే ఉండిపోతుందనుకున్నాను.

ఆ వచ్చిన ఉగాదికి పాయా లేబార్ దగ్గర ఒక హాలులో తెలుగువాళ్ళం డెబ్బయ్యెనభై మందిమి కలిశాం. మధ్యాహ్నం భోజనాలవుతున్నాయి. నాకు అలాంటి చోట్ల నలుగురినీ నవ్విస్తాడన్న పేరుంది. మా ఆవిడే అంది, "ఏవండీ, అంకుల్ ఐర్లాండ్ డ్రైవింగ్ సంగతి చెప్పండి." ఆయన నాకు మూడు కుర్చీల అవతల పులిహోర తింటున్నారు.

నేను అక్కడ ఆపవచ్చు. ఇంకో రోజు అనవచ్చు. లేచి నిలబడ్డాను.

"అంకుల్ సింగపూర్‌లో నలభై ఏళ్ళు టాక్సీ నడిపారు. ఒక్క పిల్లికి కూడా గీత పడలేదు. ఐర్లాండ్ తీసుకెళ్ళాను. సింగిల్ రోడ్డు. నేను నడుపుతానంటారు, ఇవ్వనంటే అలుగుతారు. ఇచ్చాను. పది నిమిషాలు! ఎదురుగా ఒక గొర్రె..."

కుక్క అనబోయి గొర్రె అన్నాను. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు. హాలంతా నవ్వింది.

"గొర్రెకి సిగ్నల్ ఇవ్వలేదా అంకుల్?" అని ఎవరో అరిచారు.

"పాపం, టాక్సీ అనుకుని అది చెయ్యెత్తి ఉంటుంది!" అన్నారు ఇంకొకరు.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన నా వైపు చూశారు. ఎంతసేపో చెప్పలేను, ఒక వైపరు ఇటు నుంచి అటు వెళ్ళేంత సేపు. తర్వాత ఆయనా నవ్వారు.

"చెయ్యెత్తింది లా," అన్నారు. "ఎక్కించుకుందామనే పోనాను."

మళ్ళీ నవ్వులు. ఒకాయన ఆయన వీపు మీద చరిచాడు. కాసేపటికి చూస్తే ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. విస్తరిలో పులిహోర సగం అలాగే ఉంది.

రెండు రోజుల తర్వాత లిఫ్టులో ఎదురయ్యారు. ఇద్దరమే. ఆయనే మాట్లాడారు.

"కుక్కని గొర్రె ఎందుకు చేసేవు తంబీ?"

ఎవరు నడిపారన్న మాట ఎత్తలేదు. అదొక్కటే అడిగారు.

"కుక్క చచ్చిపోతే ఎవరూ నవ్వరు అంకుల్," అన్నాను.

"మరే," అన్నారు. నాలుగో అంతస్తు వచ్చింది. దిగిపోయారు.

ఆ హాలులో నవ్వినవాళ్ళలో డయాలిసిస్ వ్యాన్లు చూసుకునే ఒకాయన ఉన్నాడు. చెడ్డవాడు కాదు. వెనక కూర్చునేవాళ్ళు రోగిష్టివాళ్ళు, డ్రైవరు వయసు డెబ్బై, ఏదైనా జరిగితే ఏమిటని ఆలోచించాడు. అంకుల్ కూతురితో మాట్లాడాడు. ఆయనకు ఒక్కతే కూతురు, తండ్రితోనే ఉండేది. ఆమె సరే అంది. వ్యాను తాళాలు ఇంకొకరికి ఇచ్చారు. ఈయన వ్యానులోంచి మాత్రం దిగలేదు. నడపకపోతే మానె, చక్రాల కుర్చీలు ఎక్కించి దించే పని చేస్తానన్నారు. మరుసటి వారం నుంచి ఎడమవైపు సీటులో కూర్చుని వెళ్ళడం మొదలుపెట్టారు. అదే ఇస్త్రీ చొక్కా.

ఒక పొద్దున వాళ్ళ వ్యాను మా బ్లాకు ముందు మలుపు తిరుగుతుంటే బస్టాపు నుంచి చూశాను. కుర్ర డ్రైవరు మలుపు కొంచెం వేగంగా తీశాడు. ఆయన కుడిమోకాలు కిటికీలోంచి కనపడింది. కాలు కిందికి నొక్కుతున్నారు. వెనక చైనీస్ ముసలమ్మ మేలుకునే ఉంది, ముందు సీటు కమ్మీ పట్టుకుని. ఆయన నన్ను చూసి మోకాలి మీంచి ఒక వేలు లేపారు.

ఆ ఆదివారం ఆయన ఇంటికి వెళ్ళాను. కూతురు బజారుకు వెళ్ళింది. ఆయన నేల మీద పాత దుప్పటి పరుచుకుని చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నారు. నేను నిలబడే చెప్పేశాను. తప్పయిందన్నాను, ఆ రోజు నా నోరు ఎందుకలా తిరిగిందో తెలియదన్నాను, క్షమించమన్నాను. ఆయన కాలరు మీద ఇస్త్రీపెట్టె అటూ ఇటూ తిప్పుతూ విన్నారు.

"నాకెందుకు సెప్తావు తంబీ? నేను కారులోనే ఉన్నాను కదా."

ఇస్త్రీపెట్టె నిలబెట్టి చొక్కా మీద నీళ్ళు చిలకరించారు.

"కారులో లేనోళ్ళకి సెప్పు."

"చెప్తాను అంకుల్. తప్పకుండా చెప్తాను."

"దాని పేరు తెలుసా నీకు?"

"దేని పేరు?"

ఆయన చొక్కా తిరగేసి రెండో వైపు మొదలుపెట్టారు. నేను కారు దిగి ఉంటే ఆ కుక్క పేరు నాకూ తెలిసేది.

చెప్పలేదు. ముందు మా ఆవిడకు చెప్పి ఆ తర్వాత మిగతావాళ్ళకు అనుకున్నాను, మా ఆవిడకే చెప్పలేకపోయాను. తర్వాతి ఉగాదికి చెబుదామనుకున్నాను. ఆ ఏడాది కలవలేదు. ఆపైన ఇప్పుడు చెబితే ఎవరికేం లాభం, వ్యాను ఎలాగూ ఇవ్వరు, ఆయన వయసు ఇంకా పెరిగింది అనుకున్నాను. తంజోంగ్ పగార్‌లో మా ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి ఈ లెక్కలన్నీ ఎన్నిసార్లు వేసుకున్నానో. ప్రతిసారీ నాకే అనుకూలంగా వచ్చేవి. ఆయన మాత్రం లిఫ్టులో కలిసినప్పుడల్లా "మకాన్ అయిందా?" అనేవారు. ఐదేళ్ళపాటు ఇంకోమాట అడగలేదు. నేను చెప్పానో లేదో అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

నలభై రోజుల కింద ఒక పొద్దున వ్యానుకు సిద్ధమై, బూట్లు తొడుక్కుంటూ కూర్చున్నచోటే ఒరిగిపోయారట.

మా బ్లాకు కిందనే, స్తంభాల మధ్య ఖాళీలో ఆయన శవపెట్టెను ఉంచారు. ప్లాస్టిక్ కుర్చీలు, మడత బల్లలు, పొట్లాల్లో పానీయాలు. బయట వాన. పెట్టెలో ఆయన ఇస్త్రీ చొక్కాతోనే ఉన్నారు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు అంచు పైకి కనపడుతోంది. నాకు తెలుసు అదేమిటో. కళ్ళు తిప్పుకున్నాను.

కుర్చీల్లో పాత మనుషులు ఆయన్ని తలుచుకుంటున్నారు. "గొర్రె కథ గుర్తుందా?" అన్నాడొకాయన. "చెయ్యెత్తింది లా! ఎక్కించుకుందామనే పోనాను!" ఆయన గొంతును అనుకరించి చూపించాడు. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. కూతురూ నవ్వి కళ్ళు తుడుచుకుంది. నా వైపు తిరిగి, "అన్నా, నువ్వు చెప్పాలి ఆ స్టోరీ. నువ్వు చెప్తేనే బాగుంటుంది," అంది.

ఆమెను పోస్టు డబ్బాల పక్కకు రమ్మన్నాను.

"అమ్మా, ఆ రోజు కారు నడిపింది నేను. నాన్నగారు కాదు. నేను ఫోను చూస్తున్నాను. అది గొర్రె కూడా కాదు, కుక్క."

కోప్పడుతుందనుకున్నాను. దానికి సిద్ధపడే వచ్చాను. నిజం చెప్పాలంటే ఆ కోపం కోసమే వచ్చానేమో. ఆమె కోప్పడలేదు. ఏదో సరిచూసుకుంటున్నట్టు కనుబొమలు ముడిచింది.

"సరే. అప్పుడు నువ్వు. వేరే రోజు నాన్న నడిపాడు కదా?"

"లేదమ్మా."

"కొంచెం కూడా? జస్ట్ పార్కింగ్‌లో?"

"లేదు. కాగితాల్లో పేరు చేర్పించలేదు. నేనే చేర్పించలేదు. ఒక్కసారి కూడా స్టీరింగ్ ముట్టుకోలేదు."

ఆమె వాన వైపు తిరిగింది.

"వ్యాను తీసేసుకుంటామంటే నేను ఓకే అన్నాను తెలుసా? నాన్న బాధపడతాడని తెలుసు. అయినా ఓకే అన్నాను. పోనీలే, ఆ పెద్ద రోడ్డు మీద ఒకసారి నడిపేశాడు, లైఫంతా అదే అడిగాడు, అది అయిపోయింది, ఇంక చాలు లా అనుకున్నాను. అందుకే ఓకే అన్నాను. నేను అడిగేదాన్ని అన్నా. రోడ్ ఎలా ఉంది నాన్నా అని. చాలా పొడుగు అమ్మా, అనేవాడు. అంతే చెప్పేవాడు. చాలా పొడుగు."

నేను ఆరేళ్ళు దాచుకున్న నిజం బయటపడితే ఆయనకు ఏదో తిరిగి ఇచ్చినట్టవుతుందనుకున్నాను. తీరా చెప్పాక, ఆయన కూతురి దగ్గర మిగిలిన ఆ ఒక్కటీ నేను లాక్కున్నట్టయింది.

ఆమె పెట్టె దగ్గరికి నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను. జేబులో ఆ కవరు అంచు మీద వేలు పెట్టింది.

"పొద్దున నేనే పెట్టాను," అంది. "అక్కడ నడిపిన లైసెన్స్ కదా అని."

అప్పుడే పెట్టె మోసే నలుగురూ వచ్చి టైమయిందన్నారు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కవరు తియ్యలేదు, లోపలికి తొయ్యలేదు. నా వైపు చూసింది, ఏం చెయ్యాలో నేను చెప్పాలన్నట్టు. నేను తల దించుకున్నాను.

వాళ్ళు మూత బిగించారు.